మంచి గడ్డ

మైనపు దిమ్మను మంచు మీద బోర్లించి కత్తి మార్చాడు ల్యాబు పనివాడు. దిమ్మలో ఉన్నది మూడేళ్ల పాప బొటనవేలి కండలోంచి తీసిన గడ్డ. చెవి డొప్పలో ఉండే మెత్తటి ఎముక లాంటిదే, ఉండకూడని చోట పెరిగింది. మెత్తగా కనిపించి కత్తిని కొరుకుతుంది. ఇరవై ఏడేళ్లుగా ఇదే పని: ఉల్లిపొర కన్నా పలచగా కోయడం, గోరువెచ్చని నీళ్లలో తేల్చడం, గాజుపలక మీదికి ఎత్తడం. దిమ్మల మీద అంకెలే ఉంటాయి, పేర్లుండవు.

పక్కగదిలో మైక్రోస్కోపు చుట్టూ నలుగురు డాక్టర్లు మూగారు. చిన్నపిల్లల్లో ఇది చాలా అరుదట. పొద్దున్నుంచి ఐదుసార్లు కోయించారు. అప్పట్లో ఈ పనివాడి భార్య రొమ్ముగడ్డకు ఒక్క పలక చాలింది. ఒక్కరే చూశారు. ఆ దిమ్మనూ తనే కోశాడు, ఎవరిదో తెలియక. భలే తెగిందని మురిశాడు కూడా. సాయంత్రం రిపోర్టు మీద పేరు చూశాడు. ఐదు నెలలకు ఆమె పోయింది.

పదకొండింటికి పెద్ద డాక్టరమ్మ గొంతు వినిపించింది. "కణాలు చూస్తే భయమేస్తుంది గానీ క్యాన్సర్ కాదు. మంచి గడ్డే. సాయంత్రం సంతకం పెడతాను."

కిటికీ దగ్గరికి పాప తండ్రి టీ తెచ్చాడు.

"తాగన్నా, పొద్దున్నుంచీ వంచిన తల ఎత్తలేదు నువ్వు. ఏమన్నా తెలిసిందా?"

"రిపోర్టు రావాలి."

"వేలు తీసేస్తారంటావా? మా ఆవిడ రెండ్రోజులుగా ముద్ద ముట్టలేదు."

మా ఆవిడ. ఆ మాట ముల్లులా దిగింది.

"మేం చెప్పకూడదయ్యా. రూలు."

రూలు నిజమే. దాన్ని వందసార్లు మీరాడు. నోరు విప్పక్కర్లేదు, తల ఊపితే చాలు. ఇవాళ మెడ కదల్లేదు. వాడికి పెళ్లాం ఉంది, పిల్ల ఉంది, గడ్డ కూడా మంచిదే దొరికింది. సాయంత్రం దాకా ఏడవనీ.

వరండా బల్ల మీద తల్లి కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఒళ్లో పాప, కట్టులోంచి బయటికొచ్చిన వేళ్లను లెక్కపెట్టుకుంటోంది. నాలుగు దాకా వచ్చి ఆగి, మళ్లీ ఒకటి. అతను కిటికీ వైపు వీపు పెట్టి మిగతా దిమ్మలు కోశాడు.

ఐదింటికి సంతకమైంది. తండ్రి కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ చేతి చలవ అన్నా!"

చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ముగ్గురూ వెళ్లిపోయారు. వరండా ఖాళీ అయింది.

కిటికీ గట్టు మీద టీ అలాగే ఉంది. పైన పల్చటి మీగడ, నీళ్లలో తేల్చిన ముక్కలా, ముడత లేకుండా పరుచుకుని ఉంది.