యార్డులో వినిపించిన గొంతు

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పట్నం చివర, ఝపటాపూర్ పేట దాటి పొలాల వైపు వెళ్తే, రిటైరైన రైల్వే ఉద్యోగులు కట్టుకున్న చిన్న బస్తీ వస్తుంది. అందులో సగంమంది తాతల కాలంలోనే కోస్తా నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. మిగతావాళ్ళు బెంగాలీలు, ఒరియావాళ్ళు. బస్తీకి డాక్టరు లేడు. చర్చి వాళ్ళు నడిపే రెండు గదుల మందులశాల ఉంది, అందులో నర్సు ఎస్తేరమ్మ ఉంది. జ్వరమొచ్చినా, కుక్క కరిచినా, పురుడొచ్చినా ముందు ఆవిడ తలుపే తట్టాలి.

ఆవిడ చెయ్యి మంచిదని పేరు. కానీ ఆ చేతికి కూడా అందని పనులుంటాయి. అలాంటప్పుడు పట్నంలోని ఆసుపత్రికి కబురు పంపాలంటే సైకిలు మీద మనిషి వెళ్ళాలి. దారిలో రైలు గేటు. అది పడితే ఎప్పుడు లేస్తుందో చెప్పలేం. మందులశాలకు టెలిఫోన్ కావాలని దరఖాస్తు పెట్టి ఏళ్ళు గడిచాయి. అంత దూరానికి తీగ లాగడం కుదరదని టెలిఫోను ఆఫీసువాళ్ళు చెప్పీ చెప్పక తిప్పుతున్నారు.

తొంభై ఆరు చలికాలంలో లక్ష్మీపతి వచ్చాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్న పెద్ద ఇంజనీరింగ్ విద్యాసంస్థలో పాఠాలు చెప్పే మనిషి, ఆంధ్ర నుంచి కొత్తగా వచ్చినవాడు. తీగ అక్కర్లేని టెలిఫోన్ మీద పని చేస్తున్నాడు. దాన్ని నిజంగా అవసరమున్న చోట పెట్టి చూడాలని ఆయన పట్టుదల. మందులశాల మీద ఇనప గొట్టం నిలబెట్టించి, బల్ల మీద పెట్టెలాంటి సెట్టు పెట్టాడు. దాని జోడు ఆసుపత్రిలో పెట్టాడు. మీట నొక్కితే మాట్లాడాలి, వదిలితే వినాలి.

"తీగ వెయ్యలేమంటున్నారు కదండీ, గాలి ఊరికే ఉంది" అన్నాడు నవ్వుతూ. "గాలిలో వెళ్ళే తరంగాలు ప్రజల సొత్తు అని మొన్నీమధ్య సుప్రీంకోర్టే చెప్పింది. చట్టం మాత్రం దొరల కాలం నాటిది. రేపు ఈ దారిలోనే కంప్యూటర్లు కూడా మాట్లాడుకుంటాయి సిస్టర్. మీరిక్కడ కూర్చుని రోగి ఎక్స్‌రే డాక్టరుకి చూపిస్తారు."

"మరి దీనికి పర్మిషనుందా మాస్టారూ?"

"మా ఆవరణలో ప్రయోగానికి ఉంది. బయట వాడుకోడానికి ఢిల్లీకి రాశాం. వస్తుంది."

ఆ 'వస్తుంది' అనే మాట ఎస్తేరమ్మకు తెలియనిది కాదు. టెలిఫోను విషయంలో ఏళ్ళ తరబడి విన్నదే. అయినా సెట్టు వద్దనలేకపోయింది.

ఆ నెలలోనే చిలకమ్మకు నొప్పులొచ్చాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. ఎస్తేరమ్మ ఒక చేత్తో మీట నొక్కుతూ, ఆసుపత్రి డాక్టరు చెప్పింది చెప్పినట్టు చేస్తూ, జీపు వచ్చేదాకా తల్లినీ బిడ్డనూ కాపాడింది. చిలకమ్మ తండ్రి నూకయ్య యార్డులో పాయింట్స్‌మాన్. రైలు పెట్టెలు తగిలించడం, విడదీయడం, ఇంజను ముందుకో వెనక్కో నడిపించమని డ్రైవరుకు చెప్పడం అతని పని. మర్నాడు రసగుల్లాల కుండతో వచ్చి, ఆ సెట్టుకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఎస్తేరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

ఎండలు ముదిరేసరికి సెట్టులో వేరే గొంతులు వినపడసాగాయి. సన్నగా, దూరంగా, హిందీలో: "పీఛే లో, ఔర్ పీఛే" అని, బండిని ఇంకా వెనక్కి తియ్యమంటూ. యార్డులో వాకీటాకీలు కొత్తగా ఇచ్చారని ఆవిడకు తెలుసు. వాళ్ళ మాటలు నాకు వినపడుతున్నాయంటే నా మాటలు వాళ్ళకు వినపడవా అని అనుమానం తగిలింది. లక్ష్మీపతికి చెప్పింది.

ఆయన ముఖం చిన్నబోయింది. "సెట్టు పాతది. వేడెక్కితే గాలిలో తన చోటు, అంటే ఫ్రీక్వెన్సీ, వదిలి పక్కకు జరుగుతోంది. యార్డు వాళ్ళు సరిగ్గా ఏ చోట మాట్లాడుతున్నారో తెలిస్తే దూరంగా జరిపేయొచ్చు. కానీ వెళ్ళి అడిగితే మీరెవరు, లైసెన్సేదీ అంటారు."

"మా తమ్ముడు తీతు రైల్వే టెలికాం ఇన్‌స్పెక్టరే కదా. వాణ్ణడిగితే?"

"వద్దండీ. తెలిశాక చూస్తూ ఊరుకోలేడు, పట్టించనూ లేడు. ఆయన్ని ఇరుకున పెట్టడమే అవుతుంది. కొత్త సెట్టు తయారుచేస్తున్నాను, కొన్నాళ్ళు ఓపిక పట్టండి."

ఆవిడ ఓపిక పట్టింది. తీతు ఆదివారాలు భోజనానికి వచ్చేవాడు. కప్పు మీద గొట్టం చూస్తూనే ఉండేవాడు. అంత పెద్ద చదువుల చోటు నుంచి వచ్చింది కాబట్టి అన్నీ సక్రమంగానే ఉంటాయనుకున్నాడు. ఆవిడ కూరలు వడ్డించింది తప్ప నోరు విప్పలేదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం పక్కవీధి పసిపిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఎస్తేరమ్మ సెట్టు ముందు కూర్చుని డాక్టరును పిలిచింది, మందెంత ఎక్కించాలో అడిగింది, పిల్ల నీలంగా మారుతోందని అరిచింది. పిల్ల బతికింది. ఎస్తేరమ్మ చెమటలు తుడుచుకుని మంచినీళ్ళు తాగింది.

చీకటి పడకముందే తీతు వచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"అప్పా" అన్నాడు. అక్కను వాళ్ళ ఇళ్ళల్లో అలాగే పిలుస్తారు. "మద్దేన్నం ఆ డబ్బాలో ఏటి మాటాడినావు?"

"ఎందుకురా?"

"ముందు సెప్పు. పిల్ల నీలంగా అయిపోతందని బెంగాలీలో అన్నావా, నేదా?"

ఎస్తేరమ్మ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "నీకెలగ తెలుసు?"

"నాకు కాదు, డ్రైవరు సుందర్ రాజుకి తెలుసు. నూకయ్య రెండు పెట్టెల మజ్జిన ఉండి ఆపమని వాకీటాకీలో కేకేసినాడు. సుందర్ రాజు సెవిలో నూకయ్య గొంతు పడనేదు, ఎవరో ఆడమనిసి పిల్ల గురించి ఏడుత్తంటే అదే వినబడింది. బండి ఆగనేదు. నూకయ్య కాలు పోయింది అప్పా. మోకాలి కింద తీసేసినారు."

ఆవిడ కుర్చీ కోసం వెతుక్కుని కూర్చుంది. తీతు గుమ్మం దగ్గరే నిలబడి అన్నాడు:

"ఇచారణ పని నాకే అప్పజెప్పినారు. ఆడమనిసి గొంతు అంటే సుందర్ రాజుని నమ్మేవోడు నేడు. తాగినాడంటన్నారు. నాను నిజం రాస్తే నీ మీద కేసవుద్ది, మాస్టారి ఉద్యోగం మీదికొస్తాది. రాయకపోతే సుందర్ రాజు ఉద్యోగం ఊడి ఇంటికెల్లిపోతాడు. ఈ డబ్బాకి లైసెన్సుందా అప్పా?"

"నేదు."

"నీకు ముందే తెలుసా?"

"యార్డు మాటలు ఇందులో వినబడతన్నాయని కూడా తెలుసు."

తీతు తల దించుకున్నాడు. అతను తిట్టి ఉంటే ఆవిడకు తేలికగా ఉండేది. తిట్టలేదు.

"నువ్వు రాయొద్దు" అంది చివరికి. "నీ సొంత అప్ప మీద నువ్వెలగ రాస్తావు? నానే వొచ్చి సెప్తాను."

మర్నాడు ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని వెళ్ళి, విచారణ గదిలో అధికారుల ముందు నిలబడి చెప్పింది. ఆ గొంతు తనదేనంది. సెట్టు తన చేతిలోనే ఉందంది, గొంతులు కలుస్తున్నాయని తెలిసీ ఊరుకున్నానంది. సుందర్ రాజు మూలన నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. సాయంత్రానికి మనుషులొచ్చి సెట్టుకు సీలు వేసి తీసుకుపోయారు. గొట్టం దింపేశారు. చర్చి పెద్దలు, విద్యాసంస్థ పెద్దలు కలిసి ప్రాధేయపడితే కేసు హెచ్చరికతో పోయింది.

లక్ష్మీపతి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "నాకు ముందు ఒక మాట చెప్పాల్సింది సిస్టర్."

"చెప్తే వెళ్ళనిచ్చేవారా?"

ఆయన వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

ఆసుపత్రిలో నూకయ్య ఆవిణ్ణి చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చిలకమ్మ బిడ్డను చంకనేసుకుని వరండాలోకి వచ్చింది.

"సిస్టరమ్మా, ఆ డబ్బా నేకపోతే నానూ నా బిడ్డా నేము. ఆ డబ్బా వల్లే మా అయ్య కాలు పోయింది. నన్నేటనమంటావు?"

ఎస్తేరమ్మ బిడ్డ తల నిమరబోయి, చెయ్యి వెనక్కు తీసుకుంది.

బస్తీలో కొంతమంది పీడ పోయిందన్నారు. వానలు పట్టాక అప్పలనర్సమ్మకు నెలలు నిండకుండానే రక్తస్రావం మొదలైంది. సైకిలు మీద మనిషిని పంపారు. గేటు పడి ఉంది. ఒక గూడ్సు వెళ్ళి, దాని వెనకే ఇంకొకటి వెళ్ళింది. జీపు వచ్చేసరికి తల్లి మిగిలింది, బిడ్డ దక్కలేదు. ఎస్తేరమ్మ ఆ చిన్న ఒంటిని తనే కడిగి గుడ్డలో చుట్టింది. అప్పలనర్సమ్మ అత్త, నిన్నటిదాకా ఆ సెట్టును తిట్టిపోసిన మనిషి, గుమ్మంలో కూలబడి అడిగింది: "అదుంటే బిడ్డ బతికుండును కదా?" అవునన్నా తప్పే, కాదన్నా తప్పే. ఎస్తేరమ్మ చేతులు కడుక్కుంటూ ఉండిపోయింది.

ఆ చలికాలంలో గాలితరంగాల నిబంధనలు మార్చడం గురించి అందరి అభిప్రాయాలూ వినడానికి ఢిల్లీ నుంచి ఒక కమిటీ వచ్చింది. లక్ష్మీపతి ఎస్తేరమ్మను పిలిచాడు. దారిలో రిక్షాలో చెప్పాడు: "చిలకమ్మ పురుడు చెప్పండి. అప్పలనర్సమ్మ సంగతి చెప్పండి. నూకయ్య మాట మాత్రం ఎత్తకండి సిస్టర్. వాళ్ళకు కావలసింది ఒక సాకు. అది దొరికితే తలుపు పూర్తిగా మూసేస్తారు. ఒక్క మన బస్తీ కాదు, ఇలాంటివి ఎన్ని ఊళ్ళున్నాయో ఆలోచించండి."

ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదని ఆవిడకు తెలుసు.

పొడుగాటి బల్ల వెనక అయిదారుగురు కూర్చున్నారు. ఎస్తేరమ్మ తనకు వచ్చిన హిందీలో చిలకమ్మ గురించి చెప్పింది, అప్పలనర్సమ్మ బిడ్డ గురించి చెప్పింది. అక్కడ ఆగిపోవచ్చు. లక్ష్మీపతి కుర్చీలోంచి లేవబోయాడు కూడా. ఆవిడ ఆగలేదు. నూకయ్య గురించి చెప్పింది.

మధ్యలో కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీశాడు. "మీ సెట్టు వల్ల ఒక మనిషి కాలు పోయింది. అయినా మళ్ళీ కావాలని అడుగుతున్నారా?"

"అందుకే అడుగుతున్నానండీ" అంది. "గొంతులు కలుస్తున్నాయని మాకు ముందే తెలిసింది. రైల్వే వాళ్ళ దగ్గరకు వెళ్ళి, అయ్యా మీ దారి ఏది, మేం పక్కకు తప్పుకుంటాం అని అడిగుంటే నూకయ్య ఇవాళ నడుస్తూ ఉండేవాడు. అడగలేకపోయాం. లైసెన్సు లేనివాళ్ళం, ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? గాలిలో దారులు బోలెడున్నాయని మాస్టారు అంటారు. మాకు ఒక చిన్నది ఇవ్వండి. ఎవరికీ అడ్డం రాకుండా చూడ్డానికి ఒక మనిషిని కూడా పెట్టండి. వద్దని చెప్పినంత మాత్రాన జనం ఊరుకోరండీ. పిల్ల చచ్చిపోతుంటే దొంగతనంగానైనా వాడతారు."

పెద్దాయన ఏదో రాసుకున్నాడు. ఆ తర్వాత ఇంకొకరిని పిలిచారు.

బయట లక్ష్మీపతి రిక్షా కోసం చెయ్యెత్తాడు. "ఇక పర్మిషను రాదు" అని మాత్రం అన్నాడు. ఆ ఏడంతా ఆయన మాటే నిజమనిపించింది. ఆవిడకు ఆ ఏడు సరిగ్గా నిద్ర లేదు. నిజం చెప్పి మంచి చేశానా, లేక ఎవరో ముక్కూ ముఖం తెలియని తల్లుల ఉసురు పోసుకున్నానా అని లోపల ఒకటే గుంజాటన.

మరుసటి చలికాలానికి అనుమతి వచ్చింది. ఈ ఒక్క మందులశాలకే, ఏడాదికి మాత్రమే, తక్కువ శక్తితో, వేరే ఫ్రీక్వెన్సీలో. రైల్వే టెలికాం వాళ్ళు నెలనెలా సరిచూడాలని షరతు. లక్ష్మీపతి ఇంకో నాలుగు ఊళ్ళకు కూడా అడిగాడు. వాటికి రాలేదు. ఆయన సంతోషపడ్డాడో లేదో ముఖం చూస్తే తెలియలేదు. కొత్త సెట్టు బిగించి వెళ్ళాడు.

మొదటి రోజు తీతు యార్డులో వాకీటాకీ చెవికి పెట్టుకుని నిలబడ్డాడు. ఇక్కడ ఎస్తేరమ్మ డాక్టరుతో ఆగకుండా మాట్లాడింది. తర్వాత తీతు సైకిలు మీద వచ్చాడు.

"ఏటీ వినబడనేదు అప్పా. ఒక్క ముక్క కూడా."

ఆవిడ తలుపు దగ్గరేసి నూకయ్య ఇంటికి వెళ్ళింది. అతనికి స్టోరు గదిలో కూర్చుని చేసే పని ఇచ్చారు. అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆవిడ అంతా చెప్పింది: కొత్త సెట్టు సంగతి, తీతు యార్డులో నిలబడి విన్న సంగతి.

నూకయ్య అంతా విన్నాడు.

"ఇదే ముందు సేసుంటే?" అన్నాడు.

"బయపడినాను నూకయ్యా."

అతను పక్కనున్న కర్రను దగ్గరకు జరుపుకున్నాడు. లోపల చిలకమ్మ కొడుకు ఏదో కావాలని పేచీ పెడుతున్నాడు.

"ఇప్పుడు పలుకుతాదా అది?"

"పలుకుతాది."

"సరే. ఎల్లు సిస్టరమ్మా. నీకోసం జనం వొస్తారు."

ఆవిడ లేచింది. క్షమించానని అతను అనలేదు, అనమని ఆవిడ అడగలేదు. బస్తీ వీధిలోంచి ఒక్కతే నడిచి వచ్చేసరికి మందులశాల గుమ్మంలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకామె ఒళ్ళో పిల్లాడు దగ్గుతున్నాడు. ఎస్తేరమ్మ తలుపు తీసి, ముందు ఆ పిల్లాణ్ణి లోపలికి పిలిచింది.