రెండో జత కళ్ళు

తీరంలో అందరూ మాంసం కాల్చుకునే పెనం మీద నిన్నటి సాసేజీల కొవ్వు చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. నోలీన్ కార్మడీ ఇనుపరేకుతో దాన్ని అంచుల నుంచి మధ్యనున్న కన్నం వైపు తోస్తూ, నాలుగు తోపులకొకసారి తలెత్తి సముద్రం వైపు చూస్తోంది. ఆ చూపు ఆమె పనిలో భాగం కాదు. కానీ ఇరవయ్యారేళ్ళుగా పనితో పాటే ఉంది, ముంజేతిని అంటిపెట్టుకున్న బ్లీచింగు వాసన లాగా.

ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, గట్టి మనిషి. బకెట్టు మోసీ మోసీ ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు దిగింది. వేళ్ళ కణుపులు ఎర్రగా పగిలి, ఆస్ట్రేలియాలో శీతాకాలం మొదలయ్యే ఈ మే నెలాఖరులో కొద్దిగా నెత్తురు ఓడుతాయి. భర్త క్వీన్స్‌లాండులో వేరొకామెతో ఉంటున్నాడు. ఆ సంగతి ఊరందరికీ తెలిసిన నెలరోజులకు ఆమెకు తెలిసింది.

గానెట్ హెడ్ ఊరికి వచ్చేవారి కోసం ఊరి కౌన్సిల్ అచ్చువేసిన మడత కాగితంలో ‘మా ఊళ్ళో చూడదగినవి పది’ అని ఉంటుంది. రాళ్ళ మధ్య కట్టిన ఈతకొలను, పొడవాటి జెట్టీ, పెలికాన్లకు మేత వేసే రేవు, అలలు బుసకొట్టే బిలం, లైట్‌హౌస్, ఇలా వరుసగా. ఆ పదింటినీ చీకటితో మొదలుపెట్టి మధ్యాహ్నానికల్లా కడిగి తుడిచేది నోలీన్. కాగితంలో ఆమె లేదు. పదో అంశం దగ్గర మాత్రం ఒక ఫోటో ఉంది: కొండకొమ్మున బల్ల మీద, ఊలు టోపీతో, మెడలో బైనాక్యులర్స్‌తో నవ్వుతున్న ముసలాయన. కింద ‘మా తిమింగలాల డెస్‌ను పలకరించండి’ అని రాసి ఉంది. ఆ కాగితాలు దారుల్లో పడి ఉంటే ఆమె మొనగల కర్రతో గుచ్చి ఎత్తుతుంది. మొన ప్రతిసారీ ముఖం మీదే దిగడం యాదృచ్ఛికమని తనకు తాను చెప్పుకుంటుంది.

డెస్ టాల్‌హర్స్ట్ సముద్రానికి దూరంగా బెండిగోలో బ్యాంకు ఉద్యోగం ముగించుకొని పధ్నాలుగేళ్ళ క్రితం వచ్చినవాడు. సముద్రమన్నది అరవై ఐదో ఏట చూసినవాడు. నోలీన్ పుట్టింది జెట్టీ వెనక సిమెంటు రేకుల ఇంట్లో. అయినా ఊరివాడు ఎవరంటే డెస్ పేరే చెబుతారు.

ఏటా ఉత్తరానికి వలసపోయే తిమింగలాల్లో మొదటిదాన్ని చూసినవారు సందర్శకుల కేంద్రం వసారాలో వేలాడే ఇత్తడి గంట కొట్టాలి. వారి పేరు పక్కనున్న చెక్క పలక మీద తెల్ల రంగుతో ఎక్కుతుంది. నియమం ఒక్కటే: రెండు జతల కళ్ళు చూసి ఉండాలి. అందుకే పలక మీద ‘చూసినవారు’ అని ఒక వరుస, ‘సాక్షి’ అని మరొక వరుస. గత పధ్నాలుగేళ్ళలో పదకొండుసార్లు చూసినవారి వరుసలో డెస్ పేరే ఉంది. సాక్షుల వరుసలో ఎవరెవరో ఉన్నారు: కారవాన్ బళ్ళలో దిగిన యాత్రికులు, అడెలైడ్ దంపతులు, ఒక జర్మన్ పిల్ల.

ఆ పదకొండుసార్లలోనూ ముందు చూసింది నోలీనే. ఆ సంగతి తెలిసింది తనకొక్కతెకే అని ఆమె నమ్మకం. ఆ వేళకు ఆమె చేతిలో చెత్తసంచీ, బల్ల మీద డెస్ తప్ప ఎవరూ ఉండరు; డెస్‌కు ఆమె చెప్పదు.

పదహారో ఏట ఆమె జెట్టీ నుంచి చిన్నదీవి దాకా ఈదుకుంటూ పోయి, తిరిగి ఈదుకుంటూ వచ్చింది. వణుకుతూ ఇంటికి వెళ్ళి చెబితే తండ్రి పేపరు దించకుండా “ఎవరు చూశారు?” అన్నాడు. అప్పటి నుంచి ఏదైనా సాధించినప్పుడల్లా ఆ గొంతే ముందు వినిపిస్తుంది. సాధించినవి ఎక్కువ లేవు కనుక ఆ గొంతుకు విశ్రాంతి బాగానే దొరికింది.

పెనం ముగించి, మరుగుదొడ్లు కడిగి, బకెట్టూ సంచీ పట్టుకొని ఆమె కొండకొమ్ముకు ఎనభై ఆరు మెట్లూ ఎక్కింది. తూర్పున వెలుగు అప్పుడే విచ్చుకుంటోంది. డెస్ అప్పటికే బల్ల మీద ఉన్నాడు. మోకాళ్ళ మీద గళ్ళ దుప్పటి, పక్కన ఫ్లాస్కు, ఎనామెల్ కప్పులు రెండు. ఒకటి అతనిది. రెండోది దారిన పోయే ఎవరికైనా. ఆ రెండో కప్పును చూసినా ఆమెకు కడుపుమంటే. మనిషికి ఎన్ని కప్పులు కావాలి?

“ఆలస్యమైందే నోలీన్! నీ మీద ఫిర్యాదు రాయాలని గల్ పక్షులు కాగితం వెతుక్కుంటున్నాయి.”

“నీ బిస్కట్ ముక్కలు నువ్వే ఏరుకుంటే రోజూ పెందలాడే వస్తాను.”

“నేను ఏరేస్తే నీకు పనేముంటుంది, పాపం?”

గొంతు ఎప్పటిలా లేదు. మాటకూ మాటకూ మధ్య గాలి తీసుకుంటున్నాడు. పెదవుల చుట్టూ చర్మం బూడిదరంగులోకి తిరిగింది. నోలీన్ గమనించింది, పట్టించుకోలేదు. జబ్బు చేస్తే ఊరంతా వండిన కూరల గిన్నెలతో వరుసకడుతుంది ఈయన గుమ్మంలో, అనుకుంది. తనకు నిమోనియా వచ్చినప్పుడు కౌన్సిల్ నుంచి మరుగుదొడ్ల తాళాలగుత్తి కోసం మాత్రం ఒకరు వచ్చారు.

చెత్తడబ్బాలోంచి నిండిన సంచీ పైకి లాగుతూ ఆమె యథాలాపంగా ఆగ్నేయానికి చూసింది. చిన్నదీవికి అవతల, నీటికీ ఆకాశానికీ మధ్య ఇంకా సరిహద్దు తేలని చోట, తెల్లటి పొగ నిటారుగా లేచింది. గాలి దాన్ని పక్కకు వంచి చెరిపేసింది. తర్వాత నల్లటి వీపు, తడిసి మెరిసి, తొందరేమీ లేకుండా ఒరిగి లోపలికి పోయింది.

నోలీన్ కదలలేదు. సంచీ చేతిలో వేలాడుతోంది.

వెనక బైనాక్యులర్స్ తోలుపెట్టె కిర్రుమంది. ఆమె తల తిప్పింది. డెస్ సముద్రం వైపు చూడడం లేదు. ఆమె వైపు చూస్తున్నాడు.

“ఎక్కడ?” అన్నాడు.

“ఏంటి ఎక్కడ?”

“ఆగిపోయావుగా. ఎక్కడో చెప్పు. ఇవాళ వెతుక్కునే ఓపిక లేదు నాకు.”

ఆమెకు అర్థం కావడానికి రెండు అలలు విరిగేంత సేపు పట్టింది.

“నన్ను చూస్తున్నావా ఇన్నేళ్ళూ?”

“నా కళ్ళకు అంత దూరం ఆనదు, నోలీన్. ఎప్పుడూ ఆనలేదు. నువ్వు సంచీ పట్టుకుని గుంజలా నిలబడతావే, అప్పుడు నీ ముక్కు ఎటుంటే అటు ఇవి పెడతాను. అంతే నా విద్య.”

“పదకొండేళ్ళు!”

“పదే. ఒక్కటి నేనే చూశా. అది కూడా చేపల పడవేనేమోనని నా అనుమానం.”

“దొంగ వెధవ్వి!”

“అవును.” అతను నవ్వబోయి దగ్గాడు. “నువ్వు ఒక్కసారైనా నోరు విప్పుతావేమో అనుకున్నా. పక్కనే ఉంటాను కదా. ‘డెస్, అదిగో’ అంటే సరిపోయేది. చెత్త తీసుకుని చరచరా దిగిపోయేదానివి.”

అది నిజమే. ఆ రెండు ముక్కలూ అంటే తన చూపును అతనికి అరువిచ్చినట్టవుతుందని ఆమె పళ్ళు బిగపట్టుకొనేది. అసూయ తన నోటికి తానే వేసుకున్న తాళం. తాళంచెవి మాత్రం ఎదుటివాడి దగ్గర ఉంది. అది తెలిసినందుకు అతని మీద మరింత కోపం వచ్చింది.

“ఇవాళ అడుగుతున్నా. ఎక్కడ?”

ఆమె చెయ్యి చాపింది. అతను బైనాక్యులర్స్ ఎత్తి చాలాసేపు చూశాడు. అవి కదలకుండా మోచేతులను పక్కటెముకలకు నొక్కిపెట్టుకున్నాడు.

“ఉంది,” అన్నాడు. “ఎంతుందో! పో, గంట కొట్టు. నీ పేరు రాయించు. సాక్షిని నేను. మెట్లు దిగలేను గానీ కేంద్రం నుంచి గ్వెండాను పైకి పంపు, సంతకం పెడతా.”

ఫ్లాస్కు మూత తిప్పి రెండో కప్పులో టీ పోశాడు. బల్ల మీద తన పక్కన ఖాళీగా ఉన్న చోట పెట్టాడు.

“ముందు ఇది తాగు. గంట ఎక్కడికీ పోదు.”

“నీ టీ నాకెందుకు?” అని ఆమె మెట్ల వైపు తిరిగింది.

దిగుతూ ఆమె మెట్లు లెక్కపెట్టలేదు. ఇరవయ్యారేళ్ళలో అదే మొదటిసారి. పలక మీద తెల్ల రంగు ఆరుతున్నట్టు, దాని ముందు డెస్ టోపీ తీసి తన పేరు చదువుతున్నట్టు ఊహించుకుంది. పేరుకన్నా ఆ చదవడమే ఆమెకు ఎక్కువ రుచించింది. సందర్శకుల కేంద్రం వసారాలో తాడు పట్టుకొని భుజం నొప్పిపుట్టేదాకా గంట మోగించింది.

బేకరీ తలుపు తెరుచుకుంది. సగం కొరికిన మాంసపు రొట్టె చేత్తో పట్టుకొని ఒకడు బయటికొచ్చి కేకేశాడు. “డెస్ చూసేశాడ్రోయ్!”

జెట్టీ మీద గాలాలు వేస్తున్నవాళ్ళు, కారవాన్ పార్కు నుంచి నైట్‌డ్రెస్సుల మీద కోట్లు తొడుక్కున్నవాళ్ళు, అందరూ కొండకొమ్ము వైపు చేతులు ఊపారు. తాడు ఎవరి చేతిలో ఉందో ఎవరూ చూడలేదు. సందర్శకుల కేంద్రం నడిపే గ్వెండా చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చింది.

“నిన్ను పంపాడా? మోకాళ్ళు మరీ పాడైనట్టున్నాయి, పాపం.”

“పంపడం కాదు గ్వెండా, నేను—”

గ్వెండా అప్పటికే మెట్ల మీద ఉంది, ఆమె వెనకే జనమంతా.

నోలీన్ వసారాలోనే నిలబడింది. సంతకం పెట్టించుకొని దిగివస్తారు కదా అని. పైన నవ్వులు వినిపించాయి. తర్వాత ఎవరో ఒక్క మాట గట్టిగా అన్నారు. తర్వాత ఏమీ వినిపించలేదు.

ఆమె ఎక్కేసరికి జనం బల్లకు రెండడుగుల దూరంలో అర్ధచంద్రంగా నిలబడి ఉన్నారు. కారవాన్ పార్కులో దిగిన ఒక నర్సు డెస్ మణికట్టు వదిలి, ఆ చేతిని జాగ్రత్తగా దుప్పటి మీద పెట్టింది. అతని తల కొద్దిగా ఆగ్నేయానికి తిరిగి ఉంది. బైనాక్యులర్స్ ఒడిలో ఉన్నాయి. ముఖంలో బాధ లేదు.

“చూసి మరీ పోయాడు,” అన్నాడు బేకరీ నుంచి వచ్చినవాడు. ఎంగిలి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. “ఇంతకన్నా ఏం కావాలి మనిషికి?”

ఇంత చక్కగా చావడం కూడా ఇతనికే చేతనైంది, అనుకుంది నోలీన్. అనుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడినా ఆ మంట చల్లారలేదు.

గ్వెండా కళ్ళు తుడుచుకుంటూ ఆమె దగ్గరకు వచ్చింది.

“నువ్వున్నావు కదా నోలీన్? చూశాడు కదా?”

“చూశాడు.” జీవితంలో మొదటిసారి ఆ మాటలు బయటికొచ్చాయి. “కానీ ముందు చూసింది నేను, గ్వెండా. చెప్పింది నేను.”

అర్ధచంద్రంగా ఉన్న జనం ఆమె వైపు తిరిగారు. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. జాలి ఉంది. చావింట్లో పెట్టిన తిండిలో తీపి తగ్గిందన్నవాళ్ళను చూసినట్టు చూశారు.

గ్వెండా ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది. “అవునమ్మా, నువ్వూ చూశావు. అందుకేగా ఈ ఏడు లెక్కకొచ్చింది? సాక్షి వరుసలో నీ పేరే రాస్తా. సరేనా?”

ఎవరు చూశారు? అన్నాడు తండ్రి, పేపరు దించకుండా.

చూసిన ఒక్కడూ బల్ల మీద ఉన్నాడు. నోలీన్ తలూపింది.

అంబులెన్సు నెమ్మదిగా వచ్చి, నెమ్మదిగా వెళ్ళింది. పది గంటలకల్లా గ్వెండా సన్నకుంచెతో పలక మీద రాసింది. డెస్ పేరు పన్నెండోసారి. దాని పక్కన, కొంచెం చిన్న అక్షరాల్లో, నోలీన్ కార్మడీ. అటుగా వచ్చినవాళ్ళు మొదటి పేరు ముందు ఆగి ఫోటోలు తీసుకున్నారు. ఒకావిడ అడ్డుగా ఉన్న బకెట్టును కాస్త జరపమని నోలీన్‌ను మర్యాదగా అడిగింది. ఆమె జరిపింది.

ఈతకొలను మెట్ల మీద నాచు గీకింది. చేపలు కోసే బల్లను గొట్టంతో కడిగింది. పెలికాన్ల రేవులో రెట్టలు తుడిచింది. ‘ఊళ్ళో ఇంకేం చూడొచ్చు?’ అని అడిగిన కొత్తజంటకు కొండకొమ్ము వైపు చెయ్యి చూపించబోయి, బిలం వైపు చూపించింది.

మధ్యాహ్నం రెండింటికి, పొద్దున సగంలో వదిలేసిన సంచీ కోసం తిరిగి మెట్లెక్కింది. దుప్పటి, ఫ్లాస్కు, బైనాక్యులర్స్, అతని కప్పు ఎవరో భద్రంగా తీసుకెళ్ళారు. సంచీ ముడివేసి, కొత్తది తొడిగి, అలవాటు ప్రకారం ఆగ్నేయానికి ఒకసారి చూసింది. నీళ్ళు ఖాళీగా ఉన్నాయి. అయినా ఆమె చాలాసేపే నిలబడింది. వెనక బైనాక్యులర్స్ తోలుపెట్టె కిర్రుమనలేదు.

బల్ల అవతలి కొసన, ఆమె కోసం పెట్టిన చోటనే, రెండో కప్పు ఉంది. అంచు దాకా టీ, దాని మీద ముడతపడిన మీగడ, అందులో గాలి తెచ్చి పడేసిన ఒక సరుగు ఆకు.