పదింట ఎనిమిది మేడలు

మూడో అంతస్తు రాజరాజేశ్వరి గారు తన వంటమనిషి రుక్కమ్మతో అన్నారట: "మన ఐదో అంతస్తు ఉదయ్ భాస్కర్ లేడూ, ఏదో వైర్‌లెస్ కంపెనీ షేరు తొంభై రూపాయలది తొమ్మిది వందలవుతుందని పెద్ద రిపోర్టు రాశాడటమ్మా! మావారు వెంటనే కొనేశారు." రుక్కమ్మ ఆ మాట మెట్లూడ్చే అంజమ్మ చెవిన వేసింది. అంజమ్మ గేటు కాడ వాచ్‌మన్‌గా ఉన్న మొగుడు మొగిలికి మోసుకుపోయింది. చెప్పుడు మాట మెట్లు దిగేకొద్దీ బలుస్తుంది. రిపోర్టులో పదేళ్ళున్న గడువు, కోకాపేటలోని ఆ అపార్ట్‌మెంటు గేటు చేరేసరికి రెండేళ్ళయింది.

శనివారం పొద్దున కిరణ్మయి ఆ కబురు కాఫీతో పాటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. "మొగిలి పరకాల దగ్గర మెట్ట చెలక అమ్మేస్తున్నాడటండీ. ఉన్నదే పది గుంటలు, పావెకరం. ఇవాళే అడ్వాన్సు తీసుకుంటాడట, మీ షేరు కొనడానికి."

ఉదయ్ భాస్కర్ కాఫీ ముట్టలేదు. హైటెక్ సిటీలోని ఒక బ్రోకరేజీ ఆఫీసులో షేర్ల మీద రిపోర్టులు రాసే ఉద్యోగం అతనిది. తరంగ వైర్‌లెస్ అనే ఆ కంపెనీ మీద ముప్పై పేజీలు రాశాడు. బాసు అందరి ముందూ భుజం తట్టాడు. ఆ తొమ్మిది వందలూ నిలబడింది ఒకే ఊహ మీద: నగరంలో పదింట ఎనిమిది మేడలు తమ టెర్రస్ మీద కంపెనీ సిగ్నల్ డబ్బా పెట్టనిస్తాయని. ఎనిమిది తీసి నాలుగు వేస్తే షేరు విలువ అరవైకి పడిపోతుంది. అలా వేసి చూసి, చెరిపేసిన సంగతి అతనికొక్కడికే తెలుసు.

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాడు. మొగిలి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పట్టా పాసుపుస్తకం ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గేటు కాడ నిలబడి ఉన్నాడు.

"మొగిలీ, చెలక అమ్మకు."

"ఏంది సార్, అబద్ధం రాసిన్రా?" మొగిలి నవ్వాడు.

"అబద్ధం కాదు. పదేళ్ళు పడుతుంది."

"పదేండ్లా? రుక్కమ్మ రెండే అన్నది." నవ్వు ఆగింది. "సరే, పదేండ్లే కానీ. మా బిడ్డ అనూష సదువుకు కాకున్నా, ఎన్కసిరి పెండ్లికన్న పనికొస్తది. అయితదా, కాదా? గదొక్కటి చెప్పుండ్రి."

"అవుతుంది... అన్నీ అనుకున్నట్టు జరిగితే."

అంజమ్మ చీపురు ఆపింది. "అనుకున్నట్టంటే ఏంది సారూ? మాకున్నది గా చెలకొక్కటే. జర తేటగ చెప్పుండ్రి."

నా లెక్క మీద నాకే నమ్మకం లేదని అతను అనాలి. కానీ రాజరాజేశ్వరి గారు అప్పుడే కూరగాయల సంచితో గేట్లోకి వస్తూ ఆగారు. ఇక్కడ అన్న మాట సోమవారానికి ఆఫీసు చేరుతుంది.

"పెద్ద మేడల మీద కంపెనీ వాళ్ళు డబ్బాలు పెట్టాలి. పదింట ఎనిమిది మేడల వాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటారనే రాశాను."

మొగిలి తలెత్తి టెర్రస్ వైపు చూశాడు. తర్వాత చెలక కొనే మనిషికి ఫోను చేసి, "అన్నా, బయానా వద్దు. ఇయ్యాల రాకుండ్రి" అని పెట్టేశాడు.

"గా డబ్బ పట్టుకొని కంపెనోళ్ళు మొన్న ఎండకాలం మన గేటుకే వచ్చిన్రు సార్. పిల్లలకు రోగాలొస్తయని మీరందరు సంతకాలు చేసి, నాతోనే ఎల్లగొట్టిచ్చిన్రు. మొదటి సంతకం మీదే. మీ మేడ మీద వద్దన్న డబ్బకు నా చెలక ఎందుకమ్మాలె?"