కొండ కింద హారన్

ఆ ఆకాశానికి సిగ్గూ శరమూ లేవు. ఎండ కాసి తడిబట్టలు బయట ఆరేయించేది, క్లిప్పులు పెట్టేలోపే వాన కురిపించేది. మూడు రోజులుగా ఇదే వరస. క్యాంపర్ వ్యాన్‌లో ముగ్గురు మనుషులు, నీళ్లు కారే తాళ్లు, కొండెక్కే బూట్లు. ఆ బూట్ల కంపుకు దోమలు కూడా లోపలికి రావడం మానేశాయి. వాటిలో ఒక జత ఆమెది. ఇక వేసుకునేది లేదని తెలిసీ సర్దుకొచ్చింది.

ఆమె కట్టుడు పళ్లు తయారు చేసే లేబొరేటరీలో పనిచేస్తుంది. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. వారమంతా మీట నొక్కి పైకీ కిందకీ తిరిగే మనిషి, సెలవు దొరికితే చాలు, చేతులు చెక్కుకుపోయేలా రాళ్లు పట్టుకుని వేలాడతాడు. ఆ పిచ్చి ఇద్దరికీ సమానంగా ఉండబట్టే వాళ్ల పెళ్లి జరిగింది. కిందటేడు ఆమె కుడి భుజం జారింది, ఆపరేషన్ అయింది. ఆ చేత్తో జడ వేసుకోవచ్చట, కొండ మాత్రం ఎక్కకూడదట. డాక్టరమ్మ ఆ మాట ఎంత తేలిగ్గా చెప్పిందో తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఈ నిలువు రాతిగోడ దగ్గరికి వాళ్లు పెళ్లయిన కొత్తలో మొదటిసారి వచ్చారు. ఆ తర్వాత ఏటా వచ్చారు. ఏటా కొస అంచుకు కాస్త కిందున్న అరుగు దాకా వెళ్లేవారు, వాన వచ్చి తరిమేసేది. నడిచి పైకి చేరే దారి లేదు. అంచు అవతల లోయ ఉంటుందని అతను, కాదు, గడ్డి మైదానం ఉంటుందని ఆమె. ఆ వాదన మీద ఎన్ని చలికాలాలు వెళ్లబుచ్చారో.

రాతికి మొహం ఆనించి ఎక్కేవాళ్లకు వీపు వెనక మబ్బు కనబడదు. అందుకని ఒకరు కింద వ్యాన్‌లో కూర్చుని ఆకాశం చూడాలి. మబ్బు కమ్మితే హారన్ పొడుగ్గా కొట్టాలి. హారన్ మోగిందంటే ఎందుకూ ఏమిటీ అని అడక్కుండా దిగిపోవాలి, తడిసిన రాతి మీద వాదనలు పనికిరావు. ఇన్నేళ్లూ ఆ ఉద్యోగం బల్లిది. మాటమాటకీ నాలుకతో చప్పుడు చేస్తాడని మొగుడి స్నేహితుడికి ఆ పేరు పడింది. ఇప్పుడు తాడుకు ఆమె ఉండాల్సిన కొసన బల్లి ఉన్నాడు, బల్లి సీట్లో ఆమె ఉంది.

నాలుగో రోజు పొద్దున్నే ఆకాశం కడిగిన పళ్లెంలా తేరుకుంది.

"వదినా, కళ్లు పైనే ఉంచు. కునుకు తీశావంటే మా పని గోవిందా," అన్నాడు బల్లి నడుముకు తాడు బిగించుకుంటూ.

మొగుడు ఆమె మంచి భుజం మీద ఓసారి చెయ్యి వేసి వెళ్లాడు.

ఆమె అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. అతను ఏ పగుల్లో వేలు దూరుస్తాడో, ఎక్కడ ఎడమ కాలు తడబడుతుందో ఆమెకు అతని కంటే ముందే తెలుస్తోంది. కూర్చున్నచోటే ఆమె వేళ్లు ముడుచుకుంటున్నాయి. అతను అరుగు చేరాడు. ఇటు తిరిగి కాళ్లు వేలాడేసి కూర్చుని, బల్లి వచ్చేదాకా తాడు లాగాడు. తర్వాత లేచాడు. మిగిలిన కాస్త గోడ ఎక్కడం మొదలుపెట్టాడు.

ఆమె మబ్బు కోసం వెతికింది. జేబురుమాలంత మబ్బు చాలు. ఎక్కడా లేదు. అతను గెలవకూడదని ఆమెకు లేదు. తను లేకుండా ఆ అంచు మీద అతను నిలబడడం మాత్రం చూడలేకపోయింది. అంతే, అరచెయ్యి హారన్ మీద పడింది. గట్టిగా, పొడుగ్గా మోగింది.

పైకి చాచిన అతని చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు.

"వాన ఏది వదినా?" బల్లి మొహం కందగడ్డలా ఉంది. "ఇంకో నాలుగు పట్లు పడితే పైనుండేవాడు!"

"అటు నల్లగా కనబడింది."

"ఎటు?"

"ఊరుకోరా," అన్నాడు మొగుడు. "హారన్ మోగింది, దిగాం."

మూడు రోజులు మాట మీద నిలబడని ఆకాశం ఆ రోజు సాయంత్రం దాకా ఒక్క చుక్క రాల్చలేదు. బల్లి మూతి ముడుచుకుని డబ్బా పట్టుకుని నీళ్లకు వెళ్లాడు. మొగుడు వ్యాన్ మెట్టు మీద కూర్చుని చిట్లిన వేళ్లకు ప్లాస్టరు చుట్టుకుంటున్నాడు. ఆమె పక్కన కూర్చుంది.

"మబ్బు లేదు," అంది.

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"అరుగు మీద కూర్చున్నాగా. అక్కణ్నుంచి నీకంటే నాకే ఎక్కువ ఆకాశం కనబడుతుంది."

"మరెందుకు దిగావు?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"పిలిచావుగా."

తిట్టినా బాగుండేది. ఆమెకు ఏడుపు ఆగలేదు. అతను ప్లాస్టరు పక్కన పెట్టి, ఏమీ అడక్కుండా వీపు నిమురుతూ కూర్చున్నాడు.

"రేపు మళ్లీ ఎక్కు," అంది చివరికి.

"ఎందుకులే. వేరే కొండలు లేవా?"

"ఉన్నాయి. నువ్వు దీన్నే ఎక్కు. మబ్బు వస్తేనే కొడతాను. ఈ చెయ్యి మీద ఒట్టు."

"ఆ పాడైన చెయ్యి మీదా?"

ఏడుస్తూనే నవ్వింది. ముక్కు తుడుచుకుని గోడ కేసి చూసింది. కొసన ఇంకా కాస్త ఎండ ఉంది.

"అవతల ఏముందో చూసి రా. వచ్చాక, అక్కడేమీ లేదని నా కోసం అబద్ధం చెప్పకు. బాగుంటే బాగుందనే చెప్పు. నేను ఏడ్చినా సరే."