వగరు తెలిసిన నాలుక

నేను ఒక వైన్ గ్లాసును. వెడల్పాటి పొట్ట, ఇరుకు మూతి, కింద సన్నని కాడ. కరిగిన గాజుముద్దను గొట్టం చివర పట్టి ఒక మనిషి ఊపిరి బిగించి ఊదితే నాకీ పొట్ట వచ్చింది. మూతి ఇరుకుగా చేసింది వాసన చెదిరిపోకుండా. విశాఖ సముద్రతీరంలోని ఒక పెద్ద హోటలు నన్ను కొనుక్కుంది.

అక్కడ హిమజ చేతిలో పడ్డాను. ఏ వంటకానికి ఏ వైన్ బాగుంటుందో అతిథులకు చెప్పడం ఆమె ఉద్యోగం. ఇటలీ ఎర్ర వైన్‌లంటే ఆమెకు ప్రాణం. కియాంతిలో పుల్లటి చెర్రీ, టీ ఆకు వాసన ఉంటాయనేది. బార్బెరా నేరేడు రసంలా ముదురు రంగు, తాగితే పులుపే కానీ వగరు తక్కువ. ఎండబెట్టిన ద్రాక్షతో చేసే అమరోనే చిక్కగా, కిస్‌మిస్‌ను గుర్తుచేస్తూ గొంతులో వెచ్చగా దిగుతుంది. బరోలో మాయలాడి. పలచటి రంగు చూసి సాధువనుకుని తాగితే వగరుకు చిగుళ్లు బిగుసుకుపోతాయి. దాని వాసనలో వాడిన గులాబీ, తారు రెండూ ఉంటాయట. అతిథులు నన్ను గిరగిర తిప్పి, ముక్కు లోపలికంటా పెట్టి, కళ్లు మూసుకుని తలూపేవాళ్లు. సగం మందికి ఏమీ తెలిసేది కాదు. హిమజకు తెలిసేది.

ఒక వర్షాకాలం ఆమెకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, వాసన తెలియడం పోయింది. నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ పీల్చి చూసింది. తర్వాత తిన్నగా వెళ్లి మేనేజరు పట్టాభి గారికి చెప్పేసింది. ఆయన మంచివారే, కానీ ఆ వారమే ఇటలీ వైన్‌లతో పెద్ద విందు ఉంది. హైదరాబాదు నుంచి ఇంకొకరిని పిలిపిస్తానన్నారు. ముందు తనను పరీక్షించి చూడమని ఆమె అడిగింది.

ఆయన సీసాలు కనబడకుండా మూడు గ్లాసుల్లో పోసి తెచ్చారు. బార్బెరానూ అమరోనేనూ తేలిగ్గానే చెప్పింది. నాలో ఉన్నది మిగిలింది. కియాంతి కావచ్చు, బరోలో కావచ్చు. రెండిటి రంగూ పలచనే, తేడా పట్టుకోవలసిన ముక్కు పనిచేయడం లేదు. ఒక గుక్క తాగి, నాలుకతో చిగుళ్లు తడిమి చూసుకుంది.

"కియాంతి అయితే ఈపాటికి నోరు ఊరాలండి. ఇది ఎండబెట్టేస్తోంది. బరోలో."

పట్టాభి గారు సీసా తెచ్చి ఎదురుగా పెట్టారు. బరోలోనే.

"వాసన సంగతి అతిథులు చూసుకుంటార్లేమ్మా. విందు నువ్వే చూడు" అన్నారు.

విందు రోజు బరోలోకు జోడీగా కొవ్వు పట్టిన మేకమాంసం పెట్టించింది. కొవ్వు తగిలేసరికి వగరు మెత్తబడింది, సీసాలు ఖాళీ అయ్యాయి.

చలికాలంలో ఒక సాయంత్రం నాలో బరోలో పోసి ముక్కు దగ్గరికి ఎత్తి ఆగిపోయింది. మళ్లీ పీల్చింది. మొదట తిరిగొచ్చింది గులాబీ కాదు, తారు. రోడ్డు వేసేటప్పుడు జనం ముక్కు మూసుకునే ఆ వాసనకు ఆమె కళ్లు తుడుచుకుంది. గులాబీ తెలియడానికి ఇంకొన్ని వారాలు పట్టింది.

తర్వాతెప్పుడో నా పాదం అంచు చిట్లింది. హోటలు బల్ల మీదికి పనికిరానన్నారు. హిమజ అడిగి ఇంటికి తీసుకెళ్లింది. ఇప్పుడు వాళ్లమ్మ సత్యవేణి నాలో మజ్జిగ పోసుకుంటుంది.

"పట్టుకోడానికి కాడ పెట్టేరు, మంచి పని చేసేరే" అంది మొదటిరోజు.

ఆవిడ నన్ను తిప్పదు, వాసన చూడదు. గటగటా తాగేసి, కడిగి, కిటికీలో ఎండకు బోర్లిస్తుంది.