డబ్బాల్లో దిగని ఊడలు

మా తోటికోడలు వెనింగ్ అక్కకి మూడో నెల అని తెలిసినప్పుడు నేను వరండాలో కూర్చుని మా ఆయన చొక్కాకి గుండీ కుడుతున్నాను. ఓడ మీద ఉన్న బావగారితో ఫోన్లో మాట్లాడి అత్తయ్య పరుగున వచ్చింది. నన్ను దాటుకుని వెళ్ళి అక్కని కావలించుకుంది. నేనూ సూది పక్కన పెట్టి వెళ్ళి కావలించుకున్నాను. నిజంగానే సంతోషించాను, ఒక పది నిమిషాలు.

ఆ తర్వాత అత్తయ్య అంది: "ఏడో నెల వేడుకకి మట్టిలో పండినవన్నీ ఉడకబెట్టి పళ్ళెంలో పెట్టాలి కదా. కర్రపెండలం, చిలగడదుంప, చేమదుంప బజార్లో కొందాం. వేరుశనగ మాత్రం మన వాకిట్లోదే కావాలి. ఇప్పుడు విత్తితే సరిగ్గా అప్పటికి చేతికొస్తుంది."

"నేను పండిస్తానత్తయ్యా!"

"నువ్వు చదివింది చరిత్ర కదే అమ్మాయ్! సరే, నువ్వూ వెయ్యి, అక్కా వేస్తుంది. ఎవరివి బాగుంటే వాళ్ళవి పళ్ళెంలోకి."

మా పెళ్ళయి అప్పటికి ఆరు వారాలు. ఆ ఇంట్లో ఇంకా ఏ గిన్నె ఎక్కడుంటుందో అడిగి తెలుసుకుంటున్నాను. ఆ పళ్ళెంలో నా వేరుశనగ ఉండాలని ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

సురబయాలో మా గొందులో రెండు మోటారు సైకిళ్ళు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్ళాల్సిందే. మట్టినేల ఎక్కడా కనబడదు. ఎవరేం పండించినా డబ్బాల్లోనే. మా ఆయన ఎండ్రో నాకోసం ఆరు ఖాళీ రంగు డబ్బాలు తెచ్చాడు. నేను పట్టుకుంటే, మేకు కాల్చి అడుగున చిల్లులు పొడిచాడు. ప్లాస్టిక్ కాలిన ఆ కంపు కూడా నాకు సువాసనలాగే అనిపించింది. అక్క మాత్రం దొరికినదాంట్లో వేసేసింది: అడ్డంగా కోసిన నూనె డబ్బా, బీటవారిన బకెట్, పాడైన రైస్ కుక్కర్ గిన్నె. ఆమె పుట్టిల్లు తూబన్ వైపు. వేరుశనగ చేలల్లో పెరిగిన మనిషి.

అసలు మంట నీళ్ళ దగ్గర మొదలైంది. కడుపుతో ఉన్న మనిషి బరువులెత్తకూడదని అత్తయ్య ఆజ్ఞ. అందుకని రోజూ పొద్దున్న పనికి వెళ్ళేముందు మా ఆయన అక్క మొక్కలకి నీళ్ళు మోసేవాడు. నా మొక్కలకి నేనే మోసుకునేదాన్ని.

"వదినా, నీ కుక్కర్ మొక్క ఇవాళ తెగ తాగేసింది. కవలలేమో చూసుకో!" అని, ఆ మొక్కని కూడా "ఏమ్మా, కడుపు నిండిందా?" అని పలకరించేవాడు. అక్క పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నవ్వేది. నా చేతిలోని నీళ్ళు సగం నా కాళ్ళ మీదే పడేవి.

"నా మొక్కలతో ఎందుకు మాట్లాడవు?" అని ఒకరోజు నిలదీశాను.

"నువ్వు మాట్లాడుతున్నావుగా! నాకు సందేదీ?" అని ముక్కు గిల్లి పోయాడు. ఆ గిల్లుడు తలుచుకుంటూ సాయంత్రం దాకా సంతోషంగానే ఉన్నాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ నీళ్ళ వేళకి కడుపు మండింది.

నెల దాటాక పసుప్పచ్చ పూలు వచ్చాయి. నావి ఇరవై మూడు. అక్కవి తొమ్మిది. లెక్క తప్పిందేమోనని ఆమెవి రెండుసార్లు లెక్కపెట్టాను. అది చాలదన్నట్టు, కాఫీ పొడి కవర్లు మడిచి గుండ్రటి చాపలు అల్లాను. నడుమ మొక్కకి సందు వదిలి, ఆరు డబ్బాల్లోనూ మట్టి కనబడకుండా పరిచాను. గొందులో వాళ్ళు ఆగి మరీ ఫొటోలు తీసుకున్నారు. అత్తయ్య కూడా "పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయే!" అంది. ఆ పక్కనే అక్క కొబ్బరి చిప్పతో తన మొక్కల మొదట్లోకి మట్టి ఎగదోసుకుంటోంది. అవి చీమల పుట్టల్లా ఉన్నాయి.

చాపలు పరిచిన రెండు వారాలకి, ఒక సాయంత్రం అక్క పిలిచింది. "పినస్తీ, ఇలా రా."

నా డబ్బాల ముందు పీట వేసుకుని కూర్చుంది. ఒక కొమ్మ పైకెత్తి చూపించింది. పువ్వు రాలినచోట నుంచి ఊదారంగు సూదుల్లాంటివి కిందికి దిగి, చాపకి తగిలి వంకర్లు తిరిగాయి. కొసలు ఎండిపోయాయి. అవి నేను చూడకపోలేదు. పనికిరాని వేళ్ళనుకున్నాను.

"ఇవి ఊడలే, పిచ్చిదానా! ఇవి మట్టిలోకి దిగితేనే వీటి కొసన కాయ ఊరేది. నువ్వేమో తలుపేసేశావు."

"నువ్వెప్పుడు చూశావు?" అన్నాను.

అక్క కొమ్మ వదిలేసింది. "నువ్వు చాపలు పరిచిన రోజే."

"రెండు వారాలైందక్కా!"

"చెబుదామనే రోజూ లేచేదాన్ని. ఇంతలో మీ గదిలోంచి నవ్వులు వినబడేవి. గోడకివతల నేనూ, నా ఫోనూ. మీ బావగారి ఓడకి సిగ్నలుండదు. మళ్ళీ మాట్లాడేది పది రోజులకో, పదిహేను రోజులకో. ఈ వేరుశనగలోనైనా నేను గెలుస్తానులే అనుకుని ఊరుకున్నా. నిన్న రాత్రి నిద్ర పట్టలేదు."

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి వచ్చి దాన్ని తోసేసింది. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే రగిలిపోతున్నాననుకున్నాను. నన్ను చూసి కూడా ఒకరు రగిలిపోతున్నారట! ఆ మాటకి నాకు కలిగిన ఆనందం చెప్పుకుంటే సిగ్గు. నవ్వాపుకోలేకపోయాను.

"ఎందుకే నవ్వుతావు?" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

"ఏం లేదు. ఇంకా టైముందా?"

"పూత ఆగలేదుగా. చాపలు తీసి మట్టి పైకి ఎగదోస్తే కొత్త ఊడలు దిగుతాయి. వేడుకకి యాభై రోజులుంది. బుట్టెడు కాయవు, గుప్పెడు కాస్తాయేమో. అదీ గట్టిగా చెప్పలేను."

పళ్ళెంలో చోటుకి గుప్పెడు చాలు.

అప్పుడే ఎండ్రో బండి ఆపి హెల్మెట్ తీస్తున్నాడు. మేమిద్దరం ఒకే పీట దగ్గర కనబడేసరికి అనుమానంగా చూశాడు.

"రేపు పొద్దున్న అక్క మొక్కలకి నీళ్ళు నేను మోస్తాను. నువ్వు నా డబ్బాల దగ్గర కూర్చుని చాపలు తీసి మట్టి ఎగదొయ్యాలి. ఆరింటికీ. మాట్లాడుతూ," అన్నాను.

"ఏం మాట్లాడాలి?"

"అక్క కుక్కర్‌తో ఏం మాట్లాడేవాడివో అదే."