టైలరమ్మ కొట్లో గడ్డి

రొట్టెల బట్టీలో ఆయన పని తెల్లారకముందే మొదలై మధ్యాహ్నానికి ముగుస్తుంది. ఆ తర్వాత ఇంటికెళ్ళి, ఇంత తిని, ఒళ్ళు తెలియకుండా పడుకుంటాడు. కూతురు ఫుట్‌బాల్ ఆడేది సరిగ్గా ఆ వేళకే. అందుకే పిల్ల ఆట ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ శనివారం మాత్రం నిద్ర మానుకుని టైలరమ్మ కొట్టుకెళ్ళాడు. ఆవిడ చొక్కాలు కుట్టి సంపాదించిన దాంట్లోంచే, ఆట బాగా వచ్చి చేతిలో చిల్లిగవ్వ లేని ముగ్గురు ఆడపిల్లలకి బూట్లు కొంటుంది, కోచింగ్ ఫీజు కడుతుంది, బస్సు చార్జీలిస్తుంది. వాళ్ళలో చిన్నది ఆయన కూతురు.

ఆ పిల్లలు మైదానంలో బాగా ఆడుతున్నప్పుడు టైలరమ్మ కొట్లో నేలమీద పచ్చగడ్డి మొలుస్తుంది. ఎవరి గడ్డి వాళ్ళదే. ఒకరిది గుమ్మం దగ్గర, ఒకరిది అద్దం ముందు, ఒకరిది కిటికీ కింద. కొలతలివ్వడానికొచ్చినవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడతారు. బట్టల కత్తెర మొండిబారిపోతోందని ఆవిడ గడ్డికి వేరే కత్తెర పెట్టుకుంది.

"రా అన్నయ్యా, కూర్చో," అంది టైలరమ్మ.

"కూర్చోడానికి రాలేదమ్మా. పిల్లకి పద్దెనిమిది నిండాయి. సోమవారం నుంచి డబ్బాల ఫ్యాక్టరీలో పెడుతున్నా. మాటిచ్చేశాను. ఇంక దానికోసం మీరు ఖర్చు పెట్టొద్దు."

ఆవిడ వాదించలేదు. "ఈ చొక్కాకి చేతులేసేదాకా కూర్చో."

కిటికీ కింద స్టూలు మీద ముళ్ళమీద కూర్చున్నట్టే కూర్చున్నాడు. కాసేపటికి ఉండబట్టలేక, "ఇంతమందికి పెడుతున్నారే, మీకేం ఒరుగుతుందమ్మా?" అన్నాడు.

"కాళ్ళు చల్లగా ఉంటాయి," అందావిడ మిషన్ తొక్కుతూ.

అంతలో ఆయన చెప్పుల చుట్టూ నేల పచ్చబడింది. గబగబా చెప్పులు విప్పేశాడు. లేత గడ్డి కాలివేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది.

"మీ అమ్మాయిదే," అంది టైలరమ్మ. "బంతి అందినట్టుంది."

గడ్డి ఒక బారుగా గోడవైపు పరిగెత్తింది. మిషన్ కాలు అడ్డొస్తే ఒడుపుగా పక్కకి తప్పుకుని మళ్ళీ సాగింది. ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఉన్నట్టుండి గడ్డంతా నేలకి పడిపోయింది.

"ఏమైంది?"

"పడిపోయుంటుంది."

"లేస్తుందా?"

టైలరమ్మ మిషన్ ఆపింది. ఆయన కింద కూర్చుని, బట్టీ సెగకి కమిలిన అరచెయ్యి గడ్డిమీద వేశాడు. జ్వరమొచ్చిన పిల్ల నుదుటిమీద వేసినట్టు. "లే తల్లీ," అన్నాడు మెల్లగా.

ఒక పరక లేచింది. దాని పక్కది లేచింది. ఆ తర్వాత అన్నీ ఆయన వేళ్ళని తోసుకుంటూ నిలబడ్డాయి.

"ఆట ఇంకా ఉందా?" అన్నాడు లేచి చెప్పులు తొడుక్కుంటూ.

"సగం ఉంది. బస్‌స్టాండు వెనక మైదానమే."

వెళ్ళి మైదానం చుట్టూ కట్టిన తాడు పక్కన నిలబడ్డాడు. మోకాలినిండా బురదతో, బంతిని కాలికి అంటించుకున్నట్టు తీసుకుపోతున్న కూతురు తలెత్తి తండ్రిని చూసింది. నిద్రపోవాల్సిన మనిషి ఈ వేళప్పుడు ఇక్కడున్నాడంటే ఇంట్లో ఏదో కొంప మునిగిందనుకుని, బంతినక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, ఏమైంది? అమ్మ బానే ఉందా?"

"అందరూ బానే ఉన్నారు."

వెనకనుంచి కోచ్ గొంతు చించుకుంటున్నాడు.

"మరి నువ్వేంటి ఇక్కడ?"

ఆయన వంగి కూతురి మోకాలి మీది బురద చేత్తో తుడిచాడు.

"ఫ్యాక్టరీవాళ్ళకి నువ్వు రావని చెప్పేస్తాలే," అన్నాడు. "బంతి అటు పోయింది, చూసుకో."